బెరా రిపోర్టు చదవడం ఎలా: చెవి నుంచి మెదడు దాకా శబ్దం నడిచే దారి

విశాఖలో కేజీహెచ్‌లోనో, ప్రభుత్వ ఈఎన్టీ ఆసుపత్రిలోనో, ప్రైవేటు క్లినిక్‌లోనో పసిబిడ్డకి బెరా (శబ్దానికి నాడి, మెదడు కాండం ఎలా స్పందిస్తున్నాయో చూసే వినికిడి పరీక్ష) చేయించాక చేతికి ఒక కాగితం వస్తుంది. దాని మీద కొన్ని వంకర గీతలు, వాటి శిఖరాల దగ్గర రోమన్ అంకెలు, పక్కన మిల్లీసెకన్ల పట్టిక, అడుగున ఒక వాక్యం ఉంటాయి. ఇంటివాళ్లు ఆ అడుగు వాక్యం చదివించుకుని వెళ్లిపోతుంటారు. వినికిడి ఎంత తగ్గిందన్నదే అందులో ఉంటుంది. ఎక్కడ తగ్గింది, చెవి మిషను పెడితే సరిపోతుందా, ఆపరేషను దాకా వెళ్లాలా అన్న ప్రశ్నలకు దారి చూపేవి పైనున్న గీతలు. శబ్దం నడిచే దారి తెలిస్తే వాటిని చదవడం కష్టం కాదు. బిడ్డని పరీక్షకు తీసుకెళ్లే ఇంటివాళ్లకీ, వాళ్లని పంపే ఆశా కార్యకర్తలకీ, ఏఎన్ఎంలకీ, ఆడియాలజీ చదువు మొదలుపెట్టినవాళ్లకీ పనికొచ్చేలా ఇది రాస్తున్నాం.

ముందు దారి

పెద్దవాళ్లలో చెవి గొట్టం సుమారు 2.5 సెంటీమీటర్లు. అది దాటాక కర్ణభేరి, దాని వెనక సుత్తి, దాగలి, అంకవన్నె అని బడి పుస్తకంలో చదువుకున్న మూడు బుల్లి ఎముకలు. లోపలి చెవి నిండా ద్రవం ఉంటుంది. గాలిలో వచ్చిన కదలిక నేరుగా ద్రవం మీద పడితే దాదాపు అంతా వెనక్కి తిరిగిపోతుంది. అలా పోకుండా చూడడమే ఈ ఎముకల పని. కర్ణభేరి వైశాల్యం అంకవన్నె పాదం కంటే సుమారు 17 రెట్లు ఎక్కువ. దానికి ఎముకల మీట బలం తోడై, ఒత్తిడి 20 రెట్లకు పైగా పెరిగి లోపలికి చేరుతుంది. జలుబు చేసి ఎముకల చుట్టూ నీరు చేరితే బిడ్డకి వినికిడి తగ్గేది ఇక్కడే.

లోపల రెండున్నర చుట్లు తిరిగిన కాక్లియా. అందులో సుమారు 35 మిల్లీమీటర్ల పొడవున్న పొర ఒకటి ఉంటుంది. కీచు శబ్దాలకు దాని మొదలు, బొంగురు శబ్దాలకు దాని కొస ఎక్కువగా ఊగుతాయి. పొర వెంట అల ఇలా ప్రయాణిస్తుందని చూపినందుకు జార్జ్ వాన్ బెకెషీకి 1961లో నోబెల్ బహుమతి వచ్చింది. పొర మీద రెండు రకాల రోమకణాలు ఉంటాయి. బయటి వరసల్లో సుమారు 12,000, లోపలి వరసలో సుమారు 3,500. బయటివి శబ్దం తగిలినప్పుడు తామే సాగుతూ ముడుచుకుంటూ పొర ఊపును పెంచుతాయి. మెదడుకు కబురు పంపేవి లోపలివి. ఈ తేడా బాగా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే పుట్టిన బిడ్డలకి మొదట చేసే ఓఏఈ పరీక్ష బయటి కణాల సంగతే చెబుతుంది. ఆ కణాల కదలిక వల్ల చెవిలోంచి తిరిగి బయటికి వచ్చే సన్నని ప్రతిధ్వనిని, 1978లో డేవిడ్ కెంప్ కనుక్కున్నదాన్ని, చిన్న మైకుతో పట్టే పరీక్ష అది. లోపలి కణాలు కబురు పంపుతున్నాయో లేదో, నాడి దాన్ని మోస్తోందో లేదో ఓఏఈకి తెలియదు.

శ్రవణ నాడిలో సుమారు 30,000 పోగులు ఉంటాయి. వాటిలో నూటికి తొంభైకి పైగా లోపలి రోమకణాల నుంచే బయలుదేరతాయి. తూకం చూసుకునే నాడి, ముఖం కదిలించే నాడి పక్కన రాగా, ఇవి ఎముకలోని చిన్న సొరంగం దాటి మెదడు కాండంలోని కాక్లియర్ న్యూక్లియస్‌కి చేరతాయి. అక్కణ్ణుంచి చాలా పోగులు ఎదుటి పక్కకు దాటిపోతాయి. తర్వాతిది సుపీరియర్ ఆలివ్. రెండు చెవుల కబుర్లు మొదటిసారి కలిసేది అక్కడ. పక్క నుంచి వచ్చే శబ్దం దగ్గరి చెవికి 0.6 నుంచి 0.7 మిల్లీసెకన్లు ముందు చేరుతుంది. అంత చిన్న తేడాని లెక్కగట్టి ఆటో హారన్ ఎటు నుంచి వచ్చిందో చెప్పేది ఆ కేంద్రం. ఆపై లాటరల్ లెమ్నిస్కస్ అనే కట్ట, నడి మెదడులో ఇన్ఫీరియర్ కాలిక్యులస్, థాలమస్‌లో మీడియల్ జెనిక్యులేట్, చివరికి చెవి పైన కణత వైపు ఉండే టెంపోరల్ భాగం.

దీన్నిబట్టి ఒక విషయం తేలుతుంది. కాక్లియర్ న్యూక్లియస్ దాటాక రెండు చెవుల కబురూ మెదడు రెండు పక్కలకీ వెళ్తుంది. కాబట్టి ఒక్క చెవే పూర్తిగా మూగబోతే, తప్పు ఆ చెవిలోనో, నాడిలోనో, నాడి మెదడులోకి దిగే చోటో ఉంటుంది. అంతకన్నా పైన వెతకాల్సిన అవసరం చాలా అరుదు.

పరీక్షకు ముందు

బెరాలో బిడ్డ నుదుటి పైభాగంలో ఒకటి, రెండు చెవుల వెనక ఎముక మీద ఒక్కొక్కటి, నుదుటి కింద ఒకటి ఎలక్ట్రోడ్లు అంటిస్తారు. దిష్టి చుక్క పెట్టేదీ, నూనె బాగా పట్టేదీ సరిగ్గా అక్కడే. ముందు రోజు రాత్రి తలస్నానం చేయించండి. ఆ తర్వాత కొబ్బరి నూనె, పౌడరు, నుదుట కాటుక, చెవి వెనక చుక్క ఏవీ వద్దు. దిష్టి చుక్క తప్పదనుకుంటే అరికాలికి పెట్టండి. చెవిలో నూనె పోయడం పరీక్ష రోజనే కాదు, ఏ రోజూ చేయకూడదు. పడుకోబెట్టి పాలు పడితే చెవిలోకి కారే పాలు కూడా గొట్టం మూసి పరీక్షని పాడుచేస్తాయి. ఎత్తుకుని పట్టండి.

బిడ్డ గాఢంగా నిద్రపోవాలి. పాడేరు, అరకు, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చేవాళ్లకి ఇబ్బంది ఇక్కడే వస్తుంది. బస్సులో మూడు గంటలు హాయిగా నిద్రపోయిన బిడ్డ పరీక్ష గదిలోకి వచ్చేసరికి కళ్లు విప్పుకుని ఆడుతుంటాడు. వీలైతే ముందు రోజే ఊళ్లోకి వచ్చి ఉండండి. లేదంటే తెల్లవారుజామునే లేపి, దారిలో నిద్రపోనివ్వకుండా ఆడించండి. గదిలోకి వెళ్లే ముందు పాలు పట్టండి. నిద్ర మందు ఇస్తారని ముందే చెప్పి ఉంటే మాత్రం ఎన్ని గంటలు ఏమీ పెట్టకూడదో వాళ్లు చెప్పినట్టే చేయాలి, తల్లిపాలకీ ఆ లెక్క ఉంటుంది. ట్రైక్లోఫాస్ సిరప్ బరువు చూసి, డాక్టరు ఎదురుగా ఇవ్వాల్సిన మందు. ఇంట్లో పట్టించి తీసుకురావడం ప్రమాదం.

పుట్టినప్పటి డిశ్చార్జి కాగితం తప్పకుండా తీసుకెళ్లండి. బరువెంత, ఎన్ని రోజులు గాజు పెట్టెలోనో ఐసీయూలోనో ఉన్నాడు, వెంటిలేటరు పెట్టారా, పసికామెర్లకి బిలిరుబిన్ ఎంత దాకా వెళ్లింది, రక్తం మార్చారా, జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు పడ్డాయా, మెదడువాపు వచ్చిందా అన్నవన్నీ కావాలి. మేనరికం పెళ్లి అయితే, ఇంట్లో పుట్టు చెవుడు ఉన్నవాళ్లుంటే సంకోచించకుండా చెప్పండి. అది ఎవరినీ తప్పుపట్టడానికి అడిగేది కాదు.

గదిలో ఏం చేస్తారు

చర్మాన్ని గరుకు జెల్‌తో మెల్లగా రుద్ది, తుడిచి, పేస్టుతో ఎలక్ట్రోడ్ అంటిస్తారు. ప్రతి ఎలక్ట్రోడ్ దగ్గర విద్యుత్తుకు అడ్డంకి 5 కిలో ఓమ్‌ల లోపు ఉండాలి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య తేడా 2 కిలో ఓమ్‌లు మించకపోతే మేలు. విశాఖ ఉక్కపోతలో చెమట పట్టిన నుదుటి మీద స్టిక్కరు ఎలక్ట్రోడ్లు జారిపోతాయి. బిడ్డని ఏసీ గదిలో కాసేపు చల్లబరచి, ఆరిన చర్మానికే అంటించాలి.

నాడి నుంచి వచ్చే విద్యుత్తు మైక్రోవోల్టు కంటే తక్కువ. మెదడు మామూలు అలలు దానికి పదుల రెట్లు పెద్దవి. అందుకే ఒకే క్లిక్కు శబ్దాన్ని 1,000 నుంచి 2,000 సార్లు వినిపించి, ప్రతిసారీ వచ్చిన గీతల సగటు తీస్తారు. శబ్దంతో ముడిపడ్డ అల ప్రతిసారీ ఒకే చోట వస్తుంది కాబట్టి నిలుస్తుంది, మిగతాది ఒకదాన్నొకటి చెరిపేసుకుంటుంది. చెత్త తగ్గేది క్లిక్కుల సంఖ్యకు వర్గమూలం లెక్కన. అంటే చెత్త సగం చేయాలంటే క్లిక్కులు నాలుగు రెట్లు కావాలి. బిడ్డ కదిలితే పరీక్ష సాగిపోవడానికి కారణం ఇదే. సెకనుకి 21.1, 27.7 అని వింత సంఖ్యలో క్లిక్కులు ఇవ్వడానికీ కారణం ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్. క్లిక్కుల వేగం దానితో కలిస్తే కరెంటు రొద కూడా సగటులో అలలా నిలిచిపోతుంది. గదిలో ట్యూబులైట్లు ఆర్పాలి, ఫోన్లు బయట పెట్టాలి, చార్జర్లు తీసేయాలి, ఎర్తింగు సరిగా ఉండాలి.

చెవిలో పెట్టే స్పాంజి ఇయర్‌ఫోన్లు మంచివి. పైనుంచి నొక్కే హెడ్‌ఫోన్లు పసిబిడ్డ మెత్తని చెవి గొట్టాన్ని మూసేసి, లేని చెవుడుని చూపిస్తాయి. స్పాంజి ఫోన్ల గొట్టంలో శబ్దం నడవడానికి సుమారు 0.9 మిల్లీసెకన్లు పడుతుంది. మిషనులో ఏ ఫోన్లు వాడుతున్నారో సరిగ్గా ఎంచుకోకపోతే ఆ ఆలస్యమంతా బిడ్డ ఖాతాలో పడుతుంది. అన్ని శిఖరాలూ ఒకే లెక్కన 0.9 జరిగితే ముందు ఈ సెట్టింగు చూడండి.

మొదట 70, 80 డెసిబెల్స్ దగ్గర మొదలుపెట్టి దించుకుంటూ వస్తారు. ప్రతి మెట్టు దగ్గరా కనీసం రెండుసార్లు తీయాలి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడితేనే అది అల. ఒక్కసారి తీసిన గీత మీద గుర్తులు పెట్టి ఉంటే ఆ రిపోర్టుని మేం నమ్మం.

గీతలు చదవడం

క్లిక్కు తర్వాత 10 మిల్లీసెకన్లలో అయిదు ముఖ్యమైన శిఖరాలు వస్తాయి. వీటిని 1971లో జ్యువెట్, విలిస్టన్ రోమన్ అంకెలతో గుర్తించారు, ఆ పద్ధతే నేటికీ నడుస్తోంది. పెద్దవాళ్లలో గట్టి శబ్దానికి మొదటిది 1.5 మిల్లీసెకన్ల దగ్గర, కాక్లియా వైపు నాడి కొస నుంచి. రెండోది 2.5 దాటాక, నాడి మెదడుని చేరే చోటు నుంచి. మూడోది సుమారు 3.7, ముఖ్యంగా కాక్లియర్ న్యూక్లియస్ నుంచి. నాలుగోది 5 చుట్టుపక్కల, సుపీరియర్ ఆలివ్ ప్రాంతం నుంచి. అయిదోది 5.6 దగ్గర, లాటరల్ లెమ్నిస్కస్ ఇన్ఫీరియర్ కాలిక్యులస్‌ని చేరే చోటు నుంచి. రెండు, నాలుగు చాలామందిలో స్పష్టంగా రావు, వాటి కోసం బెంగపడొద్దు. చూడాల్సినవి 1, 3, 5.

శిఖరం ఎప్పుడొచ్చిందన్నదాని కంటే రెండు శిఖరాల మధ్య ఎంత గడిచిందన్నది ముఖ్యం. విశాఖలో ఎక్కిన ప్యాసింజరు కొత్తవలసకే ఆలస్యంగా చేరి, అక్కణ్ణుంచి విజయనగరానికి మామూలు వ్యవధిలోనే వెళ్తే తప్పు కొత్తవలసకి ఇవతల ఉన్నట్టు. కొత్తవలసకి వేళకి వచ్చి విజయనగరానికి ఆలస్యమైతే తప్పు ఆ మధ్యలో. గీతలూ అంతే. మొదటి, అయిదో శిఖరాల మధ్య పెద్దవాళ్లలో సుమారు 4 మిల్లీసెకన్లు ఉంటుంది. 4.4, 4.5 దాటితే నాడిని, మెదడు కాండాన్ని అనుమానించాలి. పుట్టిన బిడ్డలో మాత్రం ఈ వ్యవధి 5 దగ్గర, అయిదో శిఖరం 7 దగ్గర ఉండడం సహజం. నాడుల మీద తొడుగు ఇంకా పూర్తిగా ఏర్పడదు. రెండేళ్ల లోపు మెల్లగా పెద్దవాళ్ల కొలతకి వస్తుంది. బిడ్డ అంకెల్ని పెద్దవాళ్ల పట్టికతో పోల్చి జబ్బు అంటగట్టడం తరచూ జరిగే పొరపాటు. నెలలు నిండకుండా పుడితే పుట్టిన తేదీ నుంచి కాదు, ప్రసవం కావాల్సిన తేదీ నుంచి వయసు లెక్కేసి చూడాలి.

శబ్దం తగ్గించేకొద్దీ అయిదో శిఖరం కుడివైపు జరుగుతూ, 30 డెసిబెల్స్ దగ్గరికి వచ్చేసరికి 7 దాటుతుంది. మిగతావి మాయమవుతాయి, ఇదొక్కటే నిలుస్తుంది. ఇది చివరిగా కనిపించిన మెట్టే రిపోర్టులో రాసే త్రెషోల్డ్. నిజమైన వినికిడి దానికన్నా 10 నుంచి 20 డెసిబెల్స్ మెరుగ్గా ఉండొచ్చు.

ఇప్పుడు నమూనాలు. శిఖరాలన్నీ ఆలస్యమై, వాటి మధ్య వ్యవధి మామూలుగా ఉండి, టింపనోగ్రామ్ (కర్ణభేరి కదలికను చూపే గీత) బి రకంగా చదునుగా వస్తే మధ్య చెవిలో నీరు. ముందు దానికి వైద్యం, తర్వాత మళ్లీ బెరా. గట్టి శబ్దానికి శిఖరాలు దాదాపు వేళకే వచ్చి, దించగానే ఒక్కసారిగా మాయమై, ఓఏఈ కూడా రాకపోతే కాక్లియా సమస్య. మొదటిది వేళకి వచ్చి మూడు, అయిదు ఆలస్యమైనా, అసలు రాకపోయినా నాడి లేదా మెదడు కాండం.

నాలుగో నమూనా దగ్గర ఆగాలి, ఎక్కువగా జారిపోయేది ఇదే. ఓఏఈ పాస్, బెరాలో మాత్రం ఏ శిఖరమూ లేదు. దీన్ని ఆడిటరీ న్యూరోపతి అంటారు. బయటి రోమకణాలు బాగున్నాయి, నాడి మాత్రం కబుర్లని ఒకే తాళంలో మోయడం లేదు. వేల పోగులు కలిసి ఒకే క్షణంలో స్పందిస్తేనే శిఖరం ఏర్పడుతుంది. తలా ఒక వేళకి స్పందిస్తే సగటులో అంతా కొట్టుకుపోతుంది. పసికామెర్లు బాగా ముదిరిన బిడ్డల్లో, ఊపిరాడక ఇబ్బంది పడినవాళ్లలో, బాగా నెలలు తక్కువ పుట్టినవాళ్లలో ఇది ఎక్కువ. కాబట్టి ఐసీయూలో ఉండివచ్చిన బిడ్డకి ఓఏఈ ఒక్కటి చేసి 'పాస్' అని పంపేస్తే ఊరుకోకండి, బెరా కావాలని అడగండి.

దీన్ని తేల్చడానికి క్లిక్కుని రెండు రకాలుగా (వీటినే రెండు పోలారిటీలు అంటారు), గాలిని నెట్టేలా ఒకసారి, లాగేలా ఒకసారి ఇచ్చి విడివిడిగా గీయాలి. గీత మొదట్లో కనిపించే అలలు తలకిందులైతే అవి రోమకణాల నుంచి వచ్చినవి, అంటే కాక్లియర్ మైక్రోఫోనిక్. నాడి నుంచి వచ్చే శిఖరాలు తలకిందులు కావు. రెండు రకాలూ కలిపి ఒకే గీతగా తీస్తే ఇవి ఒకదాన్నొకటి కొట్టేసుకుని 'స్పందన లేదు, తీవ్ర చెవుడు' అన్న తప్పుడు రాత వస్తుంది. 'మేడమ్, రెండు పోలారిటీలూ విడిగా తీశారా?' అని అడగడంలో తప్పేమీ లేదు. ఇది అడగాల్సిన ప్రశ్నే.

90 డెసిబెల్స్ దగ్గర స్పందన లేదంటే బొత్తిగా వినపడదని అర్థం కాదు. క్లిక్కు చెప్పేది ఎక్కువగా 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ సంగతి. 500 హెర్ట్జ్ దగ్గర వినికిడి మిగిలి ఉండొచ్చు. చెవి మిషను అమర్చే ముందు 500, 1,000, 2,000, 4,000 దగ్గర విడివిడిగా టోన్ బరస్ట్ బెరా (క్లిక్కు బదులు ఒక్కో హెర్ట్జ్ శబ్దంతో చేసే బెరా) గానీ ఏఎస్ఎస్ఆర్ (ఆగకుండా సాగే శబ్దానికి మెదడు స్పందనను కొలిచే పరీక్ష) గానీ చేయించాలి. క్లిక్కు ఒక్కదాని మీద మిషను సెట్ చేస్తే బిడ్డకి కొన్ని శబ్దాలు చాలక, కొన్ని మోతెక్కిపోయి, మిషను పీకి పారేస్తాడు. అప్పుడు తప్పు బిడ్డదంటారు.

రిపోర్టు వచ్చాక

నెల లోపు స్క్రీనింగు, 3 నెలల లోపు నిర్ధారణ, 6 నెలల లోపు చికిత్స మొదలు కావాలి. 'మా వాళ్లందరికీ మాటలు ఆలస్యమే' అని మూడేళ్లు చూడడం వల్ల జరిగే నష్టం పూడ్చలేనిది. మెదడులోని వినికిడి భాగం మొదటి మూడున్నరేళ్లలో శబ్దం అందకపోతే తర్వాత దాన్ని అంత బాగా నేర్చుకోలేదు. కాక్లియర్ ఇంప్లాంటు చెడిపోయిన రోమకణాల బదులు నాడికి నేరుగా విద్యుత్తు అందిస్తుంది. నాడి ఉండాలి, అందుకే ముందు ఎంఆర్ఐ, సీటీ తీస్తారు. రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య పథకంలో, దివ్యాంగులకి పరికరాలు ఇచ్చే కేంద్రం ఏడీఐపీ పథకంలో చిన్నపిల్లలకి ఇంప్లాంటు సాయం ఉంది. రెంటికీ వయసు హద్దు ఉంది కాబట్టి నిర్ధారణ అయిన వారంలోనే అడగడం మంచిది. ఆడిటరీ న్యూరోపతిలో కొందరు బిడ్డలు నెలలు గడిచేకొద్దీ మెరుగుపడతారు. వాళ్లకి బెరా ఒక్కటి చూసి ఆపరేషను నిర్ణయించరు, శబ్దానికి బిడ్డ ఎలా తిరుగుతున్నాడో కూడా చూస్తారు.

పెద్దవాళ్ల విషయం రెండు మాటల్లో. ఒక చెవిలో హోరు, ఆ చెవికే మాట స్పష్టంగా తెలియకపోవడం, రెండు చెవుల అయిదో శిఖరాల మధ్య 0.2 నుంచి 0.4 మిల్లీసెకన్లు మించిన తేడా ఉంటే నాడి మీద గడ్డ ఉందేమో చూడడానికి ఎంఆర్ఐ కావాలి. చిన్న గడ్డల్ని బెరా పట్టకపోవచ్చు, అనుమానం బలంగా ఉంటే బెరా బాగున్నా ఎంఆర్ఐ తీయించాలి. స్టీలు ప్లాంటు, షిప్‌యార్డు, పోర్టు పనుల్లో చెవి పాడైనవాళ్లకి రెండు చెవులూ సమానంగా, కీచు శబ్దాల దగ్గర తగ్గుతుంది. ఒకవైపే తగ్గితే దాన్ని పని రొద ఖాతాలో వేసి వదలకండి. ఒక చెవి ఉన్నట్టుండి వినపడడం మానేస్తే గులిమి అనుకుని ఆగొద్దు, ఆ రోజే ఈఎన్టీ దగ్గరికి వెళ్లాలి. స్టెరాయిడ్ మందు ఎంత తొందరగా మొదలైతే అంత మేలు, రెండు వారాలు దాటితే ఫలితం బాగా తగ్గిపోతుంది.

చివరిగా కాగితాల సంగతి. అడుగు వాక్యమున్న పేజీ ఒక్కటే కాక, గీతలన్నీ ఉన్న ప్రింటు అడిగి తీసుకోండి. దాని మీద తేదీ, ఏ ఫోన్లు వాడారు, సెకనుకి ఎన్ని క్లిక్కులు, పోలారిటీ, నిద్రలోనా మందుతోనా అన్నవి ఉండాలి. థర్మల్ కాగితం మీద ఇస్తే ఆ రోజే జిరాక్సు తీయించండి, కొన్ని నెలలకే రంగు వెలిసిపోతుంది. దివ్యాంగ ధ్రువపత్రానికి వెళ్లినప్పుడు, వైకల్యం 40 శాతం ఉందా లేదా అన్న లెక్క తేల్చేటప్పుడు, చిన్న బిడ్డ విషయంలో బోర్డు అడిగే కాగితాల్లో ఇది ముఖ్యమైనది. ఆరు నెలల తర్వాత రెండో బెరా చేసే ఆడియాలజిస్టుకీ పాత గీతలు పక్కన ఉంటేనే మారిందా లేదా అన్నది తెలుస్తుంది.